దుబాసీ ఖర్చు

బెల్లం మండీ మీద అద్దె గది మాది.
చిత్తూరు మొత్తానికి పదకొండు మందిమి,
ఇద్దరు మానుకున్నాక తొమ్మిది.
సముద్రంలో మనోళ్ళ పడవలు పట్టుకున్నారని
పేపర్లో వచ్చిన రోజు
ఆ ఇద్దరూ చందా రసీదులు నా ముందర పెట్టి
"ఇంక వాళ్ళతో మనకేం మైత్రి?" అని
మెట్లు దిగిపోయినారు.
నేను కోశాధికారిని. రసీదులు దాచి పెట్టినాను.

గోడకు రెండు జెండాలు.
మనది ఒకటి, సింహం కత్తి పట్టుకున్నది ఒకటి.
కింద నుంచి బెల్లం చీమలు పాకొచ్చి
రెండిటి మీదా తిరుగుతాయి.
మా కార్యదర్శి సింహం మీదివే ముందు దులుపుతాడు,
అతిథి మర్యాదంట.

ఈ తూరి లంక నుంచి నలుగురు వస్తారని జాబు.
ఒక హెడ్మాస్టరు, ఒక నర్సమ్మ, ఒక సంఘం పెద్దాయన.
నాలుగో పేరు ఎంగటన్న,
వృత్తి అనే చోట ఒట్టి గీత.
మద్రాసు నుంచి దుబాసీని పిలిపించినాము,
సింహళం వచ్చిన సెల్వనాయగాన్ని.
బస్సు చార్జీ కాక బత్తెం పన్నెండు వందలు.

అధ్యక్షులు కోదండపాణి సారు
"ప్రజల నడుమ దౌత్యం" అని ఎత్తుకుంటే
ఇరవై నిమిషాలకు గానీ దించలేదు.
సెల్వనాయగం చెమట తుడుచుకుంటా
వాక్యానికి వాక్యం అటు మోస్తా ఉన్నాడు.
ఎంగటన్న కిటికీలోంచి
మూట దించే హమాలీలను చూస్తా ఉన్నాడు.

అప్పుడు మొగిలమ్మ టీ తెచ్చింది.
తట్ట వంగి ఒక గ్లాసు జారి
ఆయన పాదం మీద పగిలింది.
"అయ్యో, కాలిందేమో పాపం" అనింది,
తనలో తనే అనుకున్నట్టు.
"కాల్లేదుమ్మా. రోన్ని నీల్లియ్యి" అన్నాడు ఎంగటన్న.

ఫ్యాను తిరిగే చప్పుడొక్కటే మిగిలింది.
సెల్వనాయగం నా వైపు చూసినాడు,
తన తప్పేమీ లేదన్నట్టు.

పాములోళ్ళంట.
తాతల తాతలు ఏ కరువులో ఏ రేవు దాటినారో
చెప్పేవాళ్ళు లేరు.
బుట్ట, బూర, కోతి, గాడిద.
డేరా ఎత్తి డేరా వేసుకుంటా పోయినారు.
బయట అంతా సింహళం, బళ్ళో సింహళం,
గుడ్డ గోడల లోపల మాత్రం ఇది.
"దావ" అన్నాడు. మా అవ్వ పోయినాక
ఆ గదిలో ఎవరమూ దావ అనలేదు,
మా మినిట్స్ బుక్కులో అంతా రోడ్డే.
కొన్ని మాటలు మాకు అందలేదు,
నర్సమ్మ నవ్వి అవి తనవంది.

"మైత్రి నాకు తెలుసు, మా బిక్షువు చెప్తాడు,
అది సింహళం మాట గదా.
ఇంకోటేదో అన్నాడే పెద్దాయన, దవుత్యం, అదేంది?"
సారు గొంతు సవరించుకున్నారు. ఆగిపోయినారు.
"పొయ్యి, వాళ్ళింట్లో కుచ్చునేదా?" అని ఆయనే అడిగినాడు.
"అదేన్నా, అదే" అనింది మొగిలమ్మ
గాజుపెంకులు ఏరుకుంటా.

కింద మండీలో సుద్ది పాకింది.
మానుకున్న గజేంద్ర వచ్చి గడపలో నిలబడినాడు.
"ఏ ఊరన్నా మీది?"
ఎంగటన్నకు ఏం చెప్పాలో తెలీలేదు.
అరచెయ్యి చాపి చూసుకున్నాడు.
ఆ చేతిలో గజేంద్ర ఒక బెల్లం అచ్చు పెట్టి
మారు మాట లేకుండా దిగిపోయినాడు.
చందా అయితే కట్టలేదు.

పోయే ముందు ఎంగటన్న నన్నడిగినాడు,
"మా పిల్లోల్లు ఈ మాట ఎత్తరన్నా, సిగ్గంట.
మీ ఇంట్లో పిల్లోల్లు?"
మనవరాలు పొద్దున వ్యాన్ ఎక్కుతా
నాకు ఊపిన చెయ్యి, చెప్పిన బై
గుర్తుకొచ్చినాయి.
నీళ్ళు నమిలినాను.

రాత్రి లెక్క రాసుకున్నాను.
పూలదండలు, అద్దె కుర్చీలు, ఫోటో.
దుబాసీ పన్నెండు వందలు:
పనే చెయ్యలేదని తీసుకోనన్నాడు,
బలవంతాన జేబులో పెట్టినాము.
ఆడిటర్ అడిగితే ఏం చెప్పాలో రేపు చూస్తాం.
పగిలిన గ్లాసు ఒకటి, ఎనిమిది రూపాయలు.
అదీ రాసినాను.